పడమరకి లాగే టైరు

మోసపోయింది మల్లీశ్వరి. మోసం జరిగింది 2018 సెప్టెంబరు 15న, వినాయక చవితి మూడో రోజు. మొగుడు ఓబిలేష్ ఆరేళ్ళ కూతురు అశ్వినిని నిమజ్జనం చూపించుకొస్తానని తన బాడుగ కారులో ఎక్కించుకుని పోయినాడు. వినాయకుడు మునిగిన చోటు ఊరందరికీ తెలుసు. వీళ్ళు మునిగిన చోటే ఎవరికీ తెలియలేదు. ఫోన్ నంబరు మారింది, ఊరు మారింది. కోర్టు మూడేళ్ళు తిప్పుకుని, బిడ్డను తల్లికి అప్పగించమని కాగితం ఇచ్చింది. బంగారంలాంటి కాగితం. పట్టుకుపోయి ఎవరి ముఖాన చూపించాలో అడ్రసు లేదు, అంతే.

మల్లీశ్వరి మగ్గం అమ్మి పాత కారు కొనింది. పొద్దున పట్టుచీరల మూటలతో ధర్మవరం నుంచి అనంతపురం, మధ్యాహ్నం మళ్ళీ ధర్మవరం. దారి పొడవునా ఎండిన చేండ్లు, ఎదగని వేరుశనగ. యూనిఫారంలో ఏ ఆడపిల్ల కనబడినా ఆమె కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోయేది.

పోయిన జూన్ చివర్లో ముందు ఎడమ టైరు పగిలింది. ఆదెప్ప పాత టైర్ల అంగడికి పోయింది.

మా పక్క పాత టైరు కొనేవాళ్ళు అరుగుదల చూడరు, ముందు ఊరు అడుగుతారు. తిరిగిన దారిని టైరు మరిచిపోదు కదా. పాలవ్యాను టైరు వేయించుకున్న పెండ్లికారు ఒకటి గడప గడపకీ ఆగి, ముహూర్తం దాటినాక పెండ్లికొడుకును దించింది. అందుకే అంగడివాళ్ళు ప్రతి టైరు మీదా సుద్దముక్కతో ఊరి పేరు రాస్తారు. వాన పడని సీమలో సుద్దరాత శిలాశాసనమే. ఆ వారం ఎన్నడూ లేని వాన దంచింది. టైర్లన్నీ బయటే ఉండినాయి.

"ఇది యా ఊరిదప్పా?"

"వాన కడిగేసింది అక్కా. సైజు కూడా రవ్వంత తేడా. రిమ్ముకు పడతాది గానీ ఎత్తు తక్కువ. సరైంది దొరికేదాకా నెట్టుకో."

వారం తిరగకముందే బండి లాగడం మొదలుపెట్టింది. స్టీరింగు కాస్త వదిలితే చాలు, పక్క మట్టిలోకి దిగుతానంటుంది. బ్రేకు వేస్తే అలిగిన ఆడబిడ్డ మాదిరి ముఖం తిప్పుకుంటుంది. గుంజి గుంజి మల్లీశ్వరి భుజాలు వాచినాయి. వెనక సీట్లో చీరల వ్యాపారి లక్ష్మీదేవమ్మ మూటను కరుచుకుని అరిచింది.

"ఏం మే, తాగి తోల్తాండావా?"

"తాగింది నేను కాదు పెద్దమ్మా, టైరు."

"అయితే దాన్ని ఆడనే దింపు. నన్ను బతకనీ!"

ఆదెప్ప కారును అలైన్‌మెంట్ మిషన్ మీదికి ఎక్కించినాడు. తెర మీద గీతలన్నీ పచ్చగానే ఉండినాయి.

"చక్రాలు నిటారుగానే ఉండాయక్కా. ఎడమది పొట్టి టైరు కదా, బండి అటు వాలి అటే లాగుతాది. పొడుగు టైరు ఒక చుట్టు తిరిగేలోపల పొట్టిది ఇంకా ఎక్కువ తిరగల్ల. జత కుదరదు."

"జత కుదరకపోతే ఏమైతాదో నాకు చెప్తాండావా?" అనింది మల్లీశ్వరి. "సరే, పోయేటప్పుడు ఎడమకు లాగుతాది. వచ్చేటప్పుడు కుడికి ఎందుకు లాగుతాది?"

ఆదెప్ప చేతిలో పానా కింద పెట్టినాడు.

"వచ్చేటప్పుడు కుడికా? సైజు తేడా అయితే ఎప్పుడూ ఒక్క పక్కకే లాగల్ల. అనంతపురం ఉత్తరాన కదా, రెండు సార్లూ పడమరకే పోతానంటాంది చూడు. దాని ఊరు పడమరన ఉండాది. బెంగ పెట్టుకుంది. తీసేస్తాలే, నీ సైజుది నిన్ననే వచ్చింది."

జాకీ పెట్టేదానికి వంగినాడు.

"ఆగప్పా. ఇంకోటి ఉండాది. ఎడమకు తిప్పాలంటే ముందు కుడికి జానెడు జరిగి, అప్పుడు తిరుగుతాంది."

ధర్మవరంలో అట్లా తోలినవాడు ఒక్కడే, ఓబిలేష్. 'ఇదేమన్నా లారీనా?' అని పక్క సీట్లో కూర్చుని ఆరేళ్ళు తిట్టింది మల్లీశ్వరి. ఆ జానెడు ఊపు ఆమె ఒంటికి తెలుసు. ఓబిలేష్ బాడుగ కారుకు టైర్లు మార్చిన ఆదెప్పకూ తెలుసు. జాకీ తీసి పక్కన పెట్టినాడు.

"పెట్రోలు నింపుకో అక్కా. స్టీరింగును గట్టిగా పట్టుకోవాకు, దాని దారిన పోనీ."

గురువారం చీరల మూటలు ఇంకో బండికి అప్పజెప్పి, కోర్టు కాగితం సంచిలో పెట్టుకుని బయలుదేరింది. మొదటిసారి టైరుతో కొట్లాడలేదు. కళ్యాణదుర్గం దాటింది, కుందుర్పి దాటింది. గుంతలన్నీ పాత చుట్టాలైనట్టు టైరు తప్పించుకుంటూ పోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని మల్లీశ్వరి పదమూడేళ్ళ ముఖం ఒకటి ఊహించుకోవాలని చూసింది. ఎన్నిసార్లు చూసినా ఆరేళ్ళ ముఖమే వచ్చింది, ముందు పన్ను ఊడిన సందుతో. ఆ పన్ను ఎప్పుడు మొలిచిందో ఆమెకు తెలియదు. మొదటిసారి జడ తానే వేసుకున్న రోజు ఏదో తెలియదు.

కారు ఒక వేపచెట్టు కింద ఆగింది. కాసేపుండి కదిలింది. రచ్చకట్ట దగ్గర ఆగింది, మళ్ళీ కదిలింది. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు. నాలుగోసారి ఆగినప్పుడు ఆమెకు అర్థమైంది, ఇది బడివ్యాను టైరు.

ఊరవతల బడి గేటు ముందు కారు పూర్తిగా ఆగిపోయింది. లోపల పసుపు వ్యాను. మూడు టైర్లు అరిగినవి, ఒకటి కొత్తది. డ్రైవరు సీటు ఖాళీ.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"అశ్విని. ఎనిమిదో తరగతిలో ఉండల్ల."

"మా వ్యాను డ్రైవరు కూతురా? టీకి పోయినాడులే, వస్తాడు. నువ్వేమైతావు? ఆ పాపకు అమ్మ లేదే!"

మల్లీశ్వరి నోరంటే ధర్మవరం బస్టాండులో మగవాళ్ళు కూడా జరిగి దారిస్తారు. ఈసారి నోటిని కాదు, సంచిని తెరిచింది. కాగితం తీసి బల్ల మీద పెట్టింది. వాచ్‌మన్ ఒకసారి చదివినాడు. రెండోసారి పెదాలు కదిలిస్తూ చదివినాడు. వచ్చిపోయేవాళ్ళ పుస్తకం ఆమె వైపు తిప్పినాడు.

"రాయమ్మా. హెడ్మాస్టరు సారుకు చెప్పి పిల్చుకొస్తా."

రెండు జడల పిల్ల ఒకతి ఆయన వెనకాలే వచ్చింది. ఎండలో నిలబడిన ఆడమనిషిని ఎగాదిగా చూసింది. వంగి, సిరా ఆరని వరుసను వేలు పెట్టి చదువుకుంటూ పోయి, ఒక మాట దగ్గర వేలు ఆపేసింది.

వచ్చినవారు: మల్లీశ్వరి, ధర్మవరం. ఎవరి కోసం: అశ్విని. సంబంధం: అమ్మ. 17-7-2025, సాయంత్రం 4.20.