పోటీ మానేసిన పిల్ల

"ఎవరో మంచు మీద ఆడే అమ్మాయి ఆట మానేస్తే మనింట్లో ఇస్త్రీ ఆగిపోవాలా?" అన్నాడు మా ఆయన. కోపంగా కాదు, నవ్వుతూనే. ఆయన మాటలన్నీ నవ్వుతూనే వస్తాయి, అందుకే వాటికి జవాబు చెప్పడం కష్టం. నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టేసి టీవీ ముందుకు వెళ్లాను. ఇన్నేళ్లుగా నేను ప్రాణం పెట్టుకున్న స్కేటర్, ఇక పోటీల్లో దిగనని మైకు ముందు చెబుతోంది.

ఆమెను మొదటిసారి చూసింది పాప కడుపులో ఉన్నప్పుడు. వాంతులతో మంచం దిగలేక టీవీ పెట్టుకుంటే, బక్కపల్చని పిల్ల ఒకతె గాల్లోకి ఎగిరి గిరగిరా తిరిగి, దిగబోయి దభీమని పడింది. లేచి, పాట ఎక్కడుందో అక్కడే అందుకుంది. ఆ రోజునుంచి ఆమె నా మనిషి. పాపకు అన్నం తినిపిస్తూ, అత్తగారికి మందులిస్తూ, గరిటె పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి ఆమె ఆటను ముక్కలుముక్కలుగా చూశాను. ఒక్క పోటీనైనా కుదురుగా కూర్చుని చూసిన పాపాన పోలేదు. ఆమె మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు పనిచేసే చోట కూడా ముభావంగానే ఉన్నాను. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉంటాను. టీ కలపడం నా ఉద్యోగం కాదు గానీ కలిపేది నేనే. ఆ రోజు టీలో పంచదార మరిచిపోతే, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని డాక్టరుగారు అడిగారు. అవునన్నాను. అబద్ధమనిపించలేదు.

పోటీ అంటే ఏమిటో నాకూ తెలుసు. నేను కాపురానికి వచ్చిన వారానికే మా తోడికోడలికీ నాకూ పోటీ పెట్టారు. అత్తగారు కొన్నాళ్లు మా దగ్గర, కొన్నాళ్లు పెద్దకొడుకు దగ్గర ఉంటారు. ఇక్కడున్నప్పుడు, పెద్దదాని చెయ్యి పడితే వంటకు ఆ రుచే వేరంటారు. అక్కడున్నప్పుడు, చిన్నదాన్ని చూసి నేర్చుకో, ఉద్యోగం చేస్తూ కూడా ఇల్లు అద్దంలా ఉంచుతుందంటారట. అన్నదమ్ములిద్దరూ వంత పాడతారు. నెలకోసారి ఒకరింట్లో ఒకరం భోజనాలు. ఆవిడ ఒక రకం ఎక్కువ చేస్తే నేను రెండు చేస్తాను. తిన్నవాళ్లు చేతులు కడుక్కుని కబుర్లలో పడతారు. మేమిద్దరం సింకు దగ్గర పక్కపక్కనే నిలబడి గిన్నెలు తోముతూ, ఎవరిది ఎక్కువ మెరుస్తోందా అని ఓరకంట చూసుకుంటాం.

టీవీలో విలేకరి ఎవరో, ఓడిపోతానన్న భయమా అని అడిగాడు. ఆమె మైకును దగ్గరకు జరుపుకుంది.

"మానేస్తున్నది పోటీలు. స్కేటింగ్ కాదు. పక్కవాళ్ల మార్కులు చూసుకోకుండా ఎలా ఉంటుందో ఒకసారి ఆడి చూడాలనుంది."

నా కళ్లు చెమర్చాయి. ఇక గుమ్మంలో నిలబడి ఎవరికోసం ఊపిరి బిగబట్టాలి అన్న దిగులు ఒకవైపు, ఆ మోకాలికి ఇకనైనా విశ్రాంతి దొరుకుతుందన్న ఊరట ఒకవైపు. కొత్తమ్మాయి ఎవరో ఒకరు వస్తారులే అని మా ఆయన భుజం తట్టాడు. ఆయనకు చేతనైన ఓదార్పు అది. ఆదివారం భోజనాలు మా ఇంట్లోనే. ఏమేం చేస్తున్నావని అడగబోతున్నాడని తెలిసి, ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లాను. పనేమీ లేకుండా తోడికోడలికి ఫోన్ చేయడం అదే మొదలు.

"అక్కా, ఆదివారం ఒక్క కూరే చేస్తాను. నీ వంతు వచ్చినప్పుడు నువ్వూ ఒక్కటే చెయ్యి. నాకు నీతో పోటీ వద్దు."

తప్పుగా అనుకుందేమోనని ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. అటునుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"టీవీ చూశావా?" అంది.

"నువ్వూ చూస్తావా ఆ పిల్లని?"

"చూడకేం. మీ బావగారు ఇందాకే అడిగారు, కళ్లెందుకలా ఎర్రబడ్డాయని. ఉల్లిపాయలన్నాను."