బొట్టు పెట్టిన రిమోట్

నరేందర్ ముందు చక్రాలకు నీళ్లు చల్లాడు. తరువాత బానెట్టు, అద్దాలు, డిక్కీ తుడిచాడు. గుడ్డ పిండి బకెట్ అంచున ఆరేసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని, జేబులోంచి తాళంచెవి తీసి కళ్లకద్దుకున్నాడు. ఏళ్ల తరబడి రోజూ ఇదే వరస. అప్పుడు రిమోట్ మీద బటన్ నొక్కాడు.

బండి గావుకేక పెట్టింది.

ఖాజాగూడలో ఆ అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో అలారం మోగిందంటే పై అంతస్తు దాకా వినిపించి తీరుతుంది. లైట్లు టపటపా ఆరి వెలుగుతున్నాయి. హారన్ ఊపిరి తీసుకోకుండా అరుస్తోంది. ఇంట్లోంచి ఉద్యోగం చేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఒక్కొక్కరే బాల్కనీల్లోకి వచ్చారు.

"అంకుల్, ప్లీజ్! నేను కాల్‌లో ఉన్నా!" అంది రెండో అంతస్తులో ఉండే కావ్య.

"బందే చేస్తున్న తల్లీ! అది ఇంటలేదు!"

రిమోట్‌ను గడ్డం కింద పెట్టుకుని నొక్కితే సిగ్నల్ బాగా పోతుందని ఎవరో చెప్పారు. నరేందర్ గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుని, మొక్కు చెల్లించే మనిషిలా నిలబడి నొక్కాడు, మళ్లీ నొక్కాడు. బండి తనకు బుద్ధి పుట్టినప్పుడు ఆగింది.

నరేందర్‌కు యాభై దాటాయి. కుడిచెయ్యి కిటికీ ఎండకు మాడి నల్లబడింది, ఎడమచెయ్యి ఇంకా చామనచాయలోనే ఉంది. పొట్ట సరిగ్గా స్టీరింగ్ దగ్గరకు వచ్చి ఆగుతుంది. మీసానికి రంగు వేస్తాడు, తలకు వెయ్యడు, ఎందుకంటే తల మీద వెయ్యడానికి పెద్దగా ఏమీ లేదు. అలారం మోగినప్పుడల్లా ముఖం చిరాగ్గా పెడతాడు గానీ, నిజం చెప్పాలంటే ఆ కూత వింటే ఆయనకు కడుపులో చల్లగా ఉంటుంది.

కారణం లేకపోలేదు. యజమాని సోమేశ్వరరావుగారి కూతురు భార్గవి కరెంటు కారు కొనుక్కుంది. అది రేపు వస్తోంది. దాన్ని ఆ అమ్మాయే నడుపుకుంటుంది. ఫ్లాటుకు ఒక్క పార్కింగే కనుక పాత బండి పోవాలి, పాత బండితో పాటు డ్రైవరూ పోవాలి. ఇప్పటికి ఇద్దరు చూడ్డానికి వచ్చారు. ఇద్దరి ముందూ బండి గుక్కపట్టి ఏడిస్తే, చెవులు మూసుకుని వెళ్లిపోయారు. అది కూసినన్నాళ్లే తనకు కూడు అని నరేందర్‌కు తెలుసు. ఈ వయసులో కొత్తగా ఎవరు పెట్టుకుంటారు?

సోమేశ్వరరావుగారు బండితో వచ్చిన పుస్తకం చేత్తో పట్టుకుని లిఫ్టులోంచి దిగారు. నీటిపారుదల శాఖలో కాలవ గేట్లు చూసి రిటైరైన మనిషి. గేటు మూసుకోకపోతే తప్పు గేటుది కాదు, పైనుంచి వచ్చే నీళ్లదే అన్నది ఆయన సిద్ధాంతం.

"ఇవాళా అరిచిందా నరేందరూ?"

"అరిచింది సార్. జర గట్టిగనే అరిచింది."

"రిమోట్ వెనక మూత తీసి సెల్లు మార్చాం. బ్యాటరీ తీగ ఊడదీసి మళ్లీ పెట్టాం. ఇంకేం మిగిలిందయ్యా? ఈ కంపెనీల సిగ్నళ్లే! చుట్టూ ఇన్ని వేలమంది గాల్లోకి ఇంటర్నెట్ వదులుతుంటే, పాపం దాని మతి ఎలా నిలుస్తుంది?"

వెనకే ఆయన భార్య రాజరాజేశ్వరమ్మ నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ పట్టుకొచ్చారు. "సిగ్నలూ కాదు, పాడూ కాదు. దిష్టండీ. నా మాట ఎప్పుడు విన్నారు గనక?"

"సరే, కట్టు. సాయంత్రం ఉదయ్ భాస్కర్ అని ఒకబ్బాయి చూడ్డానికొస్తున్నాడు. ఈలోగా దీన్ని ఎక్కడైనా బాగుచేయించుకు రావయ్యా. ఈ బేరం కూడా పోతే భార్గవి నన్ను బతకనివ్వదు."

నరేందర్ ఇరకాటంలో పడ్డాడు. యజమాని మాట తీసెయ్యలేడు, తన అన్నం గిన్నె తానే తన్నుకోలేడు. కాసేపు ఆలోచించి, బోరబండ స్టేషన్ పక్కన గొడుగు కింద తాళాలు బాగుచేసే రవీందర్ దగ్గరకు పోదామని నిశ్చయించాడు. రవీందర్ బాగుచేసిన తాళం మళ్లీ తెరుచుకోదని బస్తీ అంతా పేరు. ఆమధ్య ఎవరిదో బీరువా బాగుచేస్తే, చివరికి దాన్ని గునపంతో తెరుచుకోవలసి వచ్చింది.

బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర బండి తనంతట తానే అరిచింది. చుట్టూ మోటారుసైకిళ్లవాళ్లు వంగి లోపలికి చూశారు. "కొట్టుకొచ్చిన బండా అన్నా?" అన్నాడు ఒకడు. నరేందర్ తల దించుకుని డాష్‌బోర్డు నిమిరాడు. "ఊకో బిడ్డా, ఇంకొంచెం సేపే," అన్నాడు.

రవీందర్ రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర ఊపి, చివరికి సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి విప్పాడు. విప్పి నోరు తెరిచాడు.

"అన్నా, ఇది రిమోటా, దేవుని అర్రనా?"

లోపల పసుపు పొరకట్టి ఉంది. దాని మీద కుంకుమ గట్టిపడి, హారన్ బొమ్మ ఉన్న ఎర్ర బటన్‌ను పట్టేసింది. బటన్ లోపలికి దిగి పైకి రావడం లేదు. దాని పక్కనే ఒక అక్షింత గింజ.

నరేందర్‌కు దసరా గుర్తొచ్చింది. రాజరాజేశ్వరమ్మ బండికి పసుపు రాసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టించి, ఇక చాలనుకుని లేవబోతుంటే తానే అడ్డం పడ్డాడు. "అమ్మా, బండికి చేసి తాళంచెవికి చెయ్యకపోతే ఎట్ల? అలుగదా?" అన్నాడు. ఆమె నిజమేనని నాలుక కరుచుకుని, తాళంచెవిని పళ్లెంలో పెట్టి నిండుగా పసుపూ కుంకుమా అద్దారు. అక్షింతలు వేశారు. కొబ్బరినీళ్లు చల్లారు. ఆ మర్నాటి నుంచే బండి కేకలు మొదలుపెట్టింది.

"అయితే ఇగ కాదంటవా?" అన్నాడు నరేందర్, ఆశగా.

"ఎందుకు గాదన్నా? ఫికర్ చెయ్యకు!"

పుట్టి బుద్ధెరిగిన తర్వాత రవీందర్ ఇంత ధీమాగా మాట్లాడింది లేదు. పళ్లు తోముకునే బ్రష్షును పెట్రోల్లో ముంచి లోపలి సర్క్యూట్ పచ్చబిళ్లను సుతారంగా తుడిచాడు, ఎండలో ఆరబెట్టాడు. పాత డొప్ప పనికిరాదని దాన్ని పక్కన పెట్టి, కొత్త డొప్పలో సామానంతా బిగించాడు. నొక్కాడు. టిక్కుమంది. బండి పెదవి విప్పలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ టిక్కే.

"అయ్యింది! అన్నా, అయ్యింది!" అని రవీందర్ లేచి గొడుగు చుట్టూ తిరిగాడు. ఇన్నాళ్ల తన బతుకులో ఒక తాళం బాగుపడింది. నరేందర్ మాత్రం చావు ఇంట్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. పాత డొప్పను రవీందర్ రోడ్డు మీద పారెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు. "కుంకుమ ఉన్నది రా. కాళ్ల కిందికొస్తది," అని జేబులో వేసుకున్నాడు.

తిరుగుదారిలో ఆయనకు ఒక ఉపాయం తట్టింది. కొత్త డొప్పకూ ఎర్ర బటన్ ఉంది కదా! ఆ అబ్బాయి వచ్చినప్పుడు జేబులో చెయ్యి పెట్టి ఒక్కసారి నొక్కితే చాలు. బండి పక్కకాపి నొక్కి చూశాడు. అది చెప్పినట్టే అరిచింది. మళ్లీ నొక్కితే చెప్పినట్టే ఊరుకుంది. "నా బంగారం," అని మురిసిపోయాడు.

సాయంత్రం ఉదయ్ భాస్కర్ ఆఫీసు బ్యాగు వీపున, గుర్తింపు కార్డు మెడలో అలాగే ఉండగా వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. ఫోన్ వెలుతురుతో కింద చూశాడు. టైరును బూటుకాలితో తన్నాడు. నరేందర్‌కు తన కాలే తన్నినట్టయింది. అయినా ఓర్చుకుని, జేబులో బొటనవేలు ఎర్ర బటన్ మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"పాత బండే కదా అంకుల్," అన్నాడు ఉదయ్ భాస్కర్ సోమేశ్వరరావుగారితో. "పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. డ్రైవర్ల చేతుల్లో పడితే బళ్ల గతి ఇంతే లెండి."

బొటనవేలు జేబులోంచి బయటికొచ్చింది.

"ఏమన్నరు సార్? జర మళ్లొకసారి అనుండ్రి!"

"నరేందరూ..." అన్నారు సోమేశ్వరరావుగారు.

"మీరుండుండ్రి సార్. ఈ బండి మీద ఒక్క గీత సూపియ్యుమనుండ్రి. సంటిపిల్లలెక్క సూసుకున్న దీన్ని! ఇగో, ఇట్ల రాండ్రి!"

స్టార్ట్ చేశాడు. రాజరాజేశ్వరమ్మ తెచ్చిన టీ గ్లాసు లాక్కుని బానెట్టు మీద పెట్టాడు. ఇంజను నడుస్తూనే ఉంది, టీ మీగడ కూడా చెదరలేదు. తలుపు తీసి చిటికెన వేలితో మూసి చూపించాడు. సీట్ల కింద చెయ్యి పెట్టి దుమ్ముంటే చూపించమన్నాడు. వర్షంలో ఎప్పుడూ ఆగలేదన్నాడు, ఎవరికీ తగల్లేదన్నాడు. ఆఖరికి రొమ్ము విరుచుకుని రిమోట్ తీసి, "అలారమా? ఇనుండ్రి!" అని నొక్కాడు. టిక్. తెరిచాడు, టిక్. మూశాడు, టిక్. పసిపాప నిద్రలో ఊ కొట్టినంత మెల్లగా.

"తీసుకుంటాను అంకుల్," అన్నాడు ఉదయ్ భాస్కర్. "ఇప్పుడే తీసుకెళ్తాను."

నరేందర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నోటికి వేసుకునే తాళం ఏ గొడుగు కిందా దొరకదు మరి.

"సార్," అన్నాడు, గొంతు తగ్గించి. "డ్రైవర్ గిట్ల కావాల్నా మీకు?"

"లేదండీ, నేనే నడుపుకుంటాను. మీరు మాత్రం బండిని చాలా బాగా చూసుకున్నారు."

సోమేశ్వరరావుగారు నరేందర్ వైపు చూశారు. "నీ బండిని నువ్వే అమ్మేశావు కదయ్యా," అన్నారు. రాజరాజేశ్వరమ్మ లోపలికి పోయి పులిహోర గిన్నె తెచ్చి నరేందర్ చేతిలో పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నరేందర్‌కూ ఏడుపొచ్చింది. దాచుకోవడానికి గుడ్డ తీసుకుని బండి అద్దాలు మరోసారి తుడిచాడు.

బండి నిమ్మకాయ దండతో సహా గేటు దాటింది. పై నుంచి కావ్య తొంగి చూసింది. "అంకుల్, ఇవాళ సౌండ్ రాలేదేంటి? బాగైపోయిందా?"

"బాగయ్యింది తల్లీ."

రైలెక్కి బోరబండలో దిగి ఇల్లు చేరేసరికి భార్య కనకలక్ష్మి శుక్రవారపు దీపం పెడుతోంది. నరేందర్ పులిహోర గిన్నె దించి, జేబులోది తీసి దేవుడి గూట్లో పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

"ఏందిది?" అంది ఆమె.

"బండి తాళంచెవిది. ఉత్త డొప్ప. కుంకుమ ఉంటే పారెయ్యబుద్ధి గాలే."

"బండేమయ్యింది మరి?"

కుళాయి కింద నీళ్లు పడుతున్న చప్పుడే వినిపించింది. అది చాలాసేపటిదాకా ఆగలేదు. కనకలక్ష్మి కుంకుమ భరిణ తీసింది. దేవుడి పటాలకు వరసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చి, ఆ ప్లాస్టిక్ డొప్ప దగ్గర ఒక్క క్షణం ఆగి, దానికీ నిండుగా పసుపూ కుంకుమా అద్దింది. దీపం వెలుగులో, పాత కుంకుమ ఎండిపోయిన ఎర్ర బటన్ మీద కొత్త బొట్టు ఇంకా తడిగా ఉంది.