కొండమీది గంట

కొండకన్నె ఎత్తుకుపోయిందని రాయండి అయ్యగారూ అన్నాను కదా, అందులో తప్పేముంది, మా తార్యై బాబాయిని మీసం రాని వయసులో, మేకల వెనక పోతుంటే, కొండ లోపల కాపురముండే మాయలాడి, ఆ కొండకన్నె ఎత్తుకుపోయింది, ఆమెకు ఆవుతోక, మా బాబాయికి ఆ తోకే నచ్చింది, ఈ కథ చెప్పి ఈ లోయలో నేను ఎన్ని పెళ్ళిళ్ళలో సారా తాగలేదు, అయ్యగారు మాత్రం నవ్వడం లేదు, లోయ జనమందరి వంశాలతో పుస్తకం వేస్తారట, చర్చి దస్తరాల మీద వేలు పెట్టి చదువుతున్నాడు, కిటికీ మీద వాన గింజలు జల్లినట్టు పడుతోంది, హౌగెన్ తార్యై, తర్వాత లియా తార్యై, తర్వాత బ్రోటెన్ తార్యై, ముగ్గురూ ఒక్కడే స్వైనుంగ్ గారూ, తల్లి ఒకతే, పుట్టినరోజూ ఒకటే, అంటున్నాడు, ఒక్కడెలా అవుతాడు, ఎందుకవడు, మాకు ఇంటిపేరు మనిషిది కాదు, నేలది, ఏ పొలంలో కాపురముంటే ఆ పొలం పేరు, చొక్కా మార్చినట్టే, ఇది తెలిసి కూడా నేను తాతలనాటి హౌగెన్ పొలంలో కూచుని హౌగెన్ తార్యై ఏడీ అని జనాన్ని అడిగాను, పేరు ఇక్కడే ఉండిపోయింది, మనిషి నడిచిపోయాడు, ఎక్కడెక్కడో బతికి, మా నాన్న పోయాక, ముసలితనంలో వచ్చి సరస్సుకి ఆవలి ఒడ్డున బ్రోటెన్ గుడిసెలో దిగాడు.

బ్రోటెన్ ముసలాడు, లోయంతా అలాగే పిలిచేది, అసలు పేరు ఎవరూ అడగలేదు, నా పడవ చూడగానే కాఫీ పొయ్యి మీద పెట్టేవాడు, ఒరే స్వైనుంగూ, మీ బాబాయి కథ చెప్పరా, మళ్ళీనా పెద్దాయనా, మళ్ళీనే, ఈసారి తోక కాస్త పొడుగ్గా పెట్టరా, పిసినారి వెధవా, తోక దగ్గర కడుపు పట్టుకుని నవ్వేవాడు, చివర్లో మాత్రం కప్పులోకి చూస్తూ, మరి వాళ్ళన్న వెతికాడట్రా, ప్రతిసారీ ఆ ప్రశ్నే, ప్రతిసారీ నా జవాబూ అదే, మా నాన్నా, వెతకడమా, తన గిన్నెడు మీగడజావా తాగి, తమ్ముడి గిన్నె కూడా నాకి, ముసుగుతన్ని పడుకున్నాడు, ముసలాడు నవ్వేవాడు, నవ్వాడనే అనుకున్నాను, పొలమారి కళ్ళనీళ్ళు వచ్చాయనుకున్నాను.

మా నాన్న ఆ జావ ముట్టలేదు, అమ్మ చెప్పేది, ముందురోజు ఏదో మాటా మాటా వచ్చి పోరా నా కళ్ళెదుట నుంచి అన్నాడట, తెల్లారేసరికి తమ్ముడు లేడు, చర్చి గంట వినబడితే కొండ తాను పట్టుకున్నవాళ్ళని వదిలేస్తుందని, జనాన్ని బతిమాలి గంట దింపించి, బండి మీద కొండ ఎక్కించి, అరచేతులు బొబ్బలెక్కేదాకా మోగించాడట, ఏదో కోపంలో అన్నానులేరా, వచ్చెయ్యరా, అని అరుస్తూ, ఆ ముక్క నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, గంట పెడితే కథలో నవ్వు చస్తుందని తీసేశాను.

ఏం రాయమంటారు స్వైనుంగ్ గారూ, అయ్యగారు కలం పట్టుకుని చూస్తున్నాడు, మొన్న ఈస్టరుకే కదా ఆ ముసలాణ్ణి పూడ్చాం, చుట్టాలెవరూ లేరని పెట్టె ఒక కొస నేనే పట్టాను, ఇంత తేలికేంటి పెద్దాయనా, తిండి పెట్టే దిక్కు లేదా అని నవ్వించాను కూడా, తోకలు, జావలు, అన్నీ విన్నాడు, మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు, ఒక్కసారైనా నా నోట ఆ గంట మోగుతుందేమోనని.