ఏడో రోజు నీళ్లు

ఆదివారం మా పొలంలో ఎవరూ పని చేయరు. గేటుకు కట్టిన చెక్క మీద మా ఆయన ఆ మాటే నీలం రంగుతో రాసి పెట్టారు. ఆ చెక్క మీద దుమ్ము తుడిచేది నేను. తుడిచి, ఆవు పాలు పితికి, కొట్టం కడిగి, ఆరాధనకు ఆయన వేసుకునే తెల్లచొక్కా ఇస్త్రీ చేసి, ఆరాధన అయ్యాక ఆయన వెంట భోజనానికి వచ్చే పది పన్నెండు మందికి వండి వడ్డించి, కంచాలు తోమి బోర్లించేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. వీటిలో ఏదీ పని కిందికి రాదు. పనంటే పొలంలో చేసేది. ఇంట్లో చేసేదాన్ని ఏమంటారో ఆ చెక్క మీద రాయలేదు.

తొమ్మిది నెలల క్రితం ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా, నేను ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే టెక్నీషియన్ని. ఒక ప్రార్థన కూటంలో, పట్నం వదిలి మట్టిలోకి వెళ్లమని ఆయనకు పిలుపు వచ్చింది. పిలుపు ఆయనకు వచ్చింది, సామాను నేను సర్దాను. "నాకూ ఓ మాట వినపడి ఉంటే బాగుండేది కదండీ" అన్నాను, నవ్వులాటకే అన్నట్టు. "నాకు వినపడితే నీకు వినపడ్డట్టే. మనమేమన్నా వేరా?" అన్నారు. పద్నాలుగేళ్లు చేసిన ఉద్యోగానికి రాజీనామా ఇవ్వమన్నారు. పెళ్లయ్యాక మొదటిసారి మొండికేసి, ఏడాది సెలవు మాత్రం పెట్టాను. ఆయన టైపు చేయించి తెచ్చిన రాజీనామా కాగితం అప్పటినుంచీ అల్మారాలో నా సంతకం కోసం ఎదురుచూస్తూనే ఉంది. "ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెడితే ఎలాగమ్మాయ్?" అని అత్తయ్య వారానికోసారైనా గుర్తుచేస్తుంది. నా రెండు కాళ్లూ పొద్దున్నించి పేడలోనే ఉన్న సంగతి ఆవిడ చూడలేదు.

రెండెకరాల ముక్క, రేకుల ఇల్లు, ఓ ఆవు. కూరగాయల నారు పెంచి రైతులకు అమ్ముతాం. నల్లటి ట్రేకి తొంభై ఎనిమిది గుంటలు, గుంటకొక గింజ. ల్యాబులో బొట్టు బొట్టుగా రక్తం వేసిన వేళ్లు కాబట్టి ఆ పని నాకే వచ్చింది. అరవై ట్రేలూ నేను పెట్టినవే. మొలకెత్తినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది, అది దాచుకోను. పొలమంటే నాకు అసహ్యం లేదు. పొలం లెక్కలో నేను లేకపోవడమే నాకు అసహ్యం.

ఎండలు ముదిరిన మొదటి శనివారం సాయంత్రం ఆయన మోటారు గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. "రేపొక్క పది నిమిషాలు ఆన్ చేద్దామండీ. అంత చిన్న గుంటలో తడి సాయంత్రం దాకా ఆగదు" అన్నాను. "ఆరు రోజులు మనవి, ఏడో రోజు ఆయనది. ఎలా కాపాడాలో ఆయనకు తెలుసు" అన్నారు. "మొక్కలకు వారాలు తెలియవు కదా" అన్నాను. "అదే, విశ్వాసం లేని మాట" అని లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు రెండు గంటలకు నారు తలలు వేలాడేసింది. ఆయన భోజనం చేసి, గురకతో సహా విశ్రాంతి దినం పాటిస్తున్నారు. నాకు చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. కూరగాయలు కడిగిన నీళ్లు, బియ్యం కడుగు, స్నానాల గది వెనక డ్రమ్ములో ఉన్నవీ అన్నీ క్యానులో నింపి మోశాను. ముప్పై నాలుగు క్యాన్లు. సాయంత్రం ఆయన లేచి వెళ్లి చూసి, నారు కళకళలాడుతుంటే ఆకాశం వైపు చేతులెత్తారు. చెప్పేద్దామనుకున్నాను. ఆ మొహంలో అంత ఆనందం చూసి నోరు రాలేదు. ఆ రోజు నోరు మూసుకోవడమే నేను చేసిన తప్పు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ముప్పై నాలుగు క్యాన్లు మోస్తూనే వచ్చాను.

తొమ్మిదో ఆదివారం ఆరాధనలో ఆయన లేచి సాక్ష్యం చెప్పారు. "ఎనిమిది ఆదివారాలు ఒక్క చుక్క నీళ్లు పెట్టలేదు. ఒక్క మొక్క వాడలేదు!" మందిరమంతా స్తోత్రాలతో మార్మోగిపోయింది. నా పక్కనున్నావిడ నా చెయ్యి పట్టుకుని "ఎంత అదృష్టవంతురాలివమ్మా" అంది. ఆ చేతికి క్యాను పిడి ఒరుసుకుని కాయ కాసి ఉంది. పాస్టరు గారు పరవశంగా, "బ్రదర్, ఈ సాయంత్రం నాలుగింటికి ఆ నారు మధ్యనే నిలబడి ప్రార్థన చేసుకుందాం" అన్నారు. ఇరవై రెండు మంది భోజనానికే వచ్చేశారు.

రెండయింది. వాళ్లంతా ముందు గదిలో ఉన్నారు. వెనక తలుపు గుండా వెళ్లినా, ముప్పై నాలుగు క్యాన్లు మోసేలోపు ఎవరో ఒకరు లేచి వచ్చి చూస్తారు. ఇంకేం దారి తోచక, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చిన ఆయనతో చెప్పేశాను. "ఏవండీ, ఆ నీళ్లు దేవుడు పోయలేదు. నేను పోశాను. ఎనిమిది వారాలూ."

ఆయన గ్లాసు కింద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. సిగ్గుపడతారేమోనని కూడా ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"మరి... ఇవాళ పోశావా?"

"లేదు" అన్నాను.

"నేను వాళ్లను పాటలతో కూర్చోబెడతాను. నువ్వు వెనక తలుపు గుండా వెళ్లు. క్యాను చప్పుడు కాకుండా చూసుకో." గుమ్మం దాటబోయి మళ్లీ వెనక్కి వచ్చారు. "నీ చేతులతో పోయించింది కూడా ఆయనే అనుకో. పోయడం మాత్రం మానకు."

పోశాను. వాళ్లు పాడుతున్నంతసేపూ మోశాను. పాట అయ్యాక పాస్టరు గారు విశ్రాంతి దినం ఆజ్ఞ గురించి చెప్పడం కిటికీలోంచి వినిపించింది. ఆ రోజు ఎవరెవరు పని చేయకూడదో వరసగా చెబుతున్నారు. ఇంటి యజమాని, కొడుకు, కూతురు, పనివాడు, పనిమనిషి, పశువు, ఇంట్లో దిగిన పరాయివాడు. నేను క్యాను కింద పెట్టి చివరిదాకా విన్నాను. పశువు ఉంది. భార్య లేదు. చిన్నప్పటినుంచీ అప్పజెప్పిన ఆజ్ఞే. ఇన్నేళ్లూ నేనూ ఆ వరసలో ఉన్నాననే అనుకున్నాను.

నాలుగింటికి అందరూ నారు మధ్య నిలబడి కళ్లు మూసుకున్నారు. నేను తడిసిన చీర కొంగు పిండుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అత్తయ్య పక్కకు వచ్చి, "చూశాన్లే. ఎవరితోనూ అనకు. మొగుడి మాట నిలబెట్టాలి" అంది. మళ్లీ తనే, ఎటో చూస్తూ, "మేం మాత్రం తక్కువ మోశామా" అంది. ఆవిడ మీద అంతవరకూ ఉన్న కోపం అక్కడికక్కడే సగమై, ఆ సగం నా మీదికి మళ్లింది.

సోమవారం ల్యాబు ఇన్‌ఛార్జికి ఫోన్ చేశాను. ఆవిణ్ణి మేమంతా పెద్దక్క అంటాం.

"సెలవు పొడిగించమని మాత్రం అడగొద్దు తల్లీ, చచ్చిపోతున్నాం ఇక్కడ" అంది పెద్దక్క.

"లేదక్కా, చేరిపోతాను. ఆదివారం డ్యూటీ నాకే వేయండి."

"ఒంట్లో బాగానే ఉందా నీకు? అందరూ అది తప్పించమని నా కాళ్లు పట్టుకుంటుంటే!"

"ప్రతి ఆదివారం వేయండి. ఆదివారం చేసినవాళ్లకు బుధవారం సెలవే కదా?"

"సెలవే. హాస్టల్లో మంచం కూడా ఖాళీగా ఉంది."

రాజీనామా కాగితాన్ని చించలేదు. వెనక వైపు ఖాళీగానే ఉంది కదా అని, డ్యూటీలో చేరుతున్నట్టు దాని మీదే రాసి సంతకం పెట్టాను.

ఆదివారం డ్యూటీ సంగతి ఆయనకు ఆ రాత్రే చెప్పాను. శనివారం మధ్యాహ్నం నేను బ్యాగు సర్దుకుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడ్డారు. "ఆదివారం పూట పనికి వెళ్తావా? నలుగురికీ నేనేం చెప్పుకోవాలి? విశ్రాంతి దినమంటే నీకు లెక్కే లేదా?"

"ఉందండీ. నాది బుధవారం. ఆ రోజు ఎవరికీ వండను, ఏదీ మోయను."

"బుధవారం ఇక్కడికే వస్తావుగా?"

"ఇంకా అనుకోలేదు."

ఆయన నా మొహం కేసి కాకుండా కిటికీలోంచి నారు కేసి చూస్తూ, వంటింట్లో అడిగినట్టే గొంతు తగ్గించి అడిగారు.

"మరి... రేపు నారుకి నీళ్లు?"

నేను బ్యాగు భుజానికి తగిలించుకున్నాను.

"తాళంచెవి మీ జేబులోనే ఉందిగా."