ఎర్రగుట్ట బడి, ఈశ్వరప్ప చేను

బడి ఎలా మూస్తారో నేను కళ్లారా చూశాను. తాళం వెయ్యనక్కర్లేదు, గోడలు కూల్చనక్కర్లేదు. ఒక జీపు వస్తే చాలు. కాలేజీల్లో చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, విద్యా సంస్కరణల మీద మీరు వ్యాసాలు రాస్తారు కదా, ముందు ఇది వినండి.

రెండువేల ఐదు సెప్టెంబరు. నల్లమాడకు అవతల చెండ్రాయునిపల్లి, దానికి మూడు కిలోమీటర్లలో ఎర్రగుట్ట కాలనీ. అరవై ఇళ్లు, అందరూ కూలి చేసుకు బతికేవాళ్లు. ఆ కాలనీలోని ఒంటిగది బడికి నేను విద్యా వాలంటీర్ని. పేరు రామాంజి. రిజిస్టర్లో నలభై ముగ్గురు పిల్లలు, ఆ రోజు వచ్చింది ముప్పై ఎనిమిది మంది. ఎక్కాలు చెప్పిస్తున్నాను. బాట మీద దుమ్ము లేచింది. ఎవరో "జీపు" అన్నారు. అంతే, పలకలు అక్కడే పారేసి పిల్లలు గుట్ట మీదికి పరుగు తీశారు. నేను అరుస్తూ వెంటపడ్డాను. ఒక్కరూ వెనక్కి చూడలేదు. జీపు దిగిన అధికారులకు గదిలో కనిపించింది తొమ్మిది మంది, పరుగెత్తడం చేతగాని పసివాళ్లు.

ఎందుకు పారిపోయారో చెప్పాలి. చెండ్రాయునిపల్లి ఈశ్వరప్పకు నలభై ఎకరాల చేను, వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు, మండలంలో పార్టీ పెత్తనం ఉన్నాయి. మూడేళ్ల కిందట పిల్లలతో పని చేయిస్తున్నారని మిల్లు మీద అధికారులు దాడి చేశారు. ఆ మర్నాడే ఆయన కాలనీ మేస్త్రి పుల్లన్నను పిలిచాడు. కూలీలను పోగుచేసి చేనికి తీసుకుపోయేది పుల్లన్నే. జీపు వస్తే పిల్లల్ని పట్టుకుపోతారు, కన్నవాళ్లను జైల్లో వేస్తారు, జాగ్రత్త అని ఈశ్వరప్ప చెప్పాడు. పుల్లన్న ఇంటింటికీ తిరిగి ఆ మాట చేరవేశాడు. తల్లులు పిల్లలకు అదే మొదటి పాఠంగా నేర్పారు. ఆ తర్వాత పిల్లలు మిల్లులో పని చేస్తూనే ఉన్నారు, జీపు వస్తే మాత్రం ఒక్క పిల్లా దొరకలేదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ నవ్వుకునేవాణ్ణి. ఆ భయం మాన్పించాల్సింది నేనే, కానీ నేను వాళ్లకు క్యూబా కథలు చెప్పుకుంటూ కూర్చున్నాను.

రిజిస్టరు చూడండి సార్ అన్నాను. రిజిస్టర్లు అందరూ బాగానే రాస్తారు అన్నాడు జీపు దిగిన పెద్ద అధికారి. ఆయన పేరు శ్రీరంగప్ప, విదేశీ అప్పుతో నడిచే చదువుల పథకం ఆయన చేతిలో ఉంది. హాజరు తొమ్మిది అని రాసి, కాగితం నా ముందు పెట్టాడు. సంతకం చేశాను. ఉన్న ఆ కాస్త ఉద్యోగం పోతుందని భయపడి చేశాను. ఆ సంతకం తలచుకుంటే నా మీద నాకు ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది.

అక్టోబరులో ఆర్డరు వచ్చింది. ఇరవై మంది లేని బడులను పక్క ఊరి బడుల్లో కలిపేస్తున్నారు. మా మండలంలో అలాంటివి ఆరు, ఆరూ కూలోళ్ల కాలనీలే. మా పిల్లలు ఇక చెండ్రాయునిపల్లికి నడవాలి, నన్నూ ఆ బడికే మార్చారు. మధ్యలో వంక, వానొస్తే పొంగే వాగు. వంక దాటితే ఈశ్వరప్ప చేని గట్టు. పెద్ద మగపిల్లలు ఎలాగో పోతారు. ఆడపిల్లల చదువు అక్కడితో సరి.

బడి పక్కిల్లు మారెమ్మది. మొగుడు బెంగుళూరులో కాంక్రీటు పనికి పోయి ఏడాదికోసారి కనిపిస్తాడు. కూతురు గౌతమి నాలుగో తరగతి. కాలనీలో పింఛను కాగితం వచ్చినా, ఆస్పత్రి చీటీ వచ్చినా చదివి చెప్పేది ఆ పిల్లే. ఆర్డరు సంగతి విన్నాక మారెమ్మ చీపురు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"పొద్దన్నే నేను కూలికి పోవల్ల అయివారా. ఒక్కదాన్నీ వంక దాటించి యాడికని పంపీను? బడి లేకుంటే అది మిల్లులో కాయలు ఏరేకి పోతాది. నేను పోయిన వయసే దానికీ వచ్చె."

కాలనీ అంతా కదిలి నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాక, వచ్చి వివరంగా చెబుతానని శ్రీరంగప్ప ఒప్పుకున్నాడు. చెండ్రాయునిపల్లి బడిలో మీటింగు. ఆయన, ఈశ్వరప్ప కుర్చీల్లో కూర్చున్నారు, మేం నూరు మంది నేల మీద. ఆ ఎండాకాలంలోనే శ్రీరంగప్ప బడులు చూసి రావడానికి విదేశాలు తిరిగి వచ్చాడు. జీపులో టీవీ కూడా తెచ్చాడు. మంచులో రంగురంగుల కోట్లు వేసుకున్న పిల్లలు, అద్దంలా మెరిసే గదులు. ఫిన్లాండులో చిన్న బడులన్నీ కలిపి మంచి పెద్ద బడులు చేశారన్నాడు. జపానులో పసిపిల్లలు తమంతట తామే నడిచిపోతారు, తరగతి గదులు తామే తుడుచుకుంటారన్నాడు. మనవాళ్లకు మాత్రం గడప ముందే బడి కావాలని నవ్వాడు. ఈశ్వరప్ప కూడా నవ్వాడు.

నాకు రక్తం మరిగింది. లేచి క్యూబా అందుకున్నాను. అరవై ఒకటిలో చదువుకునే పిల్లలే కొండల్లోకి పోయి రైతులకు అక్షరాలు నేర్పారని, ఒక్క ఏడాదిలో దేశం మొత్తం చదవడం నేర్చిందని పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అధికారి గడియారం చూసుకున్నాడు. మావాళ్లు ఆవలించారు. డెబ్బై ఏళ్ల తిప్పమ్మ నా చొక్కా పట్టి లాగింది.

"కూర్చోప్పా. ఆ క్యూబా ఏమన్నా నీ అత్తగారూరా, పొద్దస్తమానం దాని మాటే."

అందరూ నవ్వారు. ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. తిప్పమ్మ మాత్రం కూర్చోలేదు. ఆ మంచు దేశంలో బడి దూరమైతే పిల్లోళ్లు ఎట్ల పోతారని అధికారిని అడిగింది. ఐదు కిలోమీటర్లు దాటితే సర్కారే బండి పెడుతుందన్నాడు. మధ్యాహ్నం కూడు ఎవరు పెడతారంది. అందరికీ బడిలోనే ఉచితంగా పెడతారన్నాడు. తిప్పమ్మ ఇంకొకటి అడిగింది.

"ఆ దేశంలో గూడా ఈశ్వరప్ప అసుమంటోళ్లు ఉంటారు గదా సార్. వాళ్ల బిడ్డలు యాడ చదువుతారు?"

శ్రీరంగప్ప మంచినీళ్లు తాగాడు. ఒక్కటి ఒప్పుకోవాలి, ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆ దేశంలో డబ్బు కట్టే బడులు లేనట్టే, కలిగినవాళ్ల పిల్లలూ లేనివాళ్ల పిల్లలూ ఆ ఊరి బడిలోనే కూర్చుంటారని మెల్లిగా చెప్పాడు. ఈశ్వరప్ప మనవడు హర్ష టౌన్లో కాన్వెంటు హాస్టల్లో ఉన్నాడు. ఈశ్వరప్ప నవ్వు ఆగిపోయింది.

అప్పుడు మారెమ్మ అడిగింది, పంట కాలంలో కూడా అక్కడి పిల్లలు చేలల్లోకి పోరా అని. ఇబ్బంది తప్పిందనుకున్నాడో ఏమో, అధికారి హుషారుగా చెప్పాడు. వెనకటి రోజుల్లో ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, తవ్వే వారం వస్తే అక్కడ బడులు ఆపేసేవారట, పిల్లలంతా తవ్వడానికి పోయేవారట, ఇప్పుడు తవ్వకాలు లేకపోయినా ఆ వారం సెలవు మాత్రం మిగిలిందట. విన్నారా, అంత గొప్ప దేశంలోనే పిల్లోళ్లు చేన్లో దిగినారంట అని ఈశ్వరప్ప అందుకున్నాడు. మీటింగు అయిపోయింది. అర్జీ పెట్టుకోండి, వచ్చే ఏడాది చూద్దాం అన్నాడు శ్రీరంగప్ప. వచ్చే ఏడాదికి గౌతమి మిల్లులో ఉంటుంది.

తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన వాన. తడుస్తూ నడుస్తున్నాం. వంక దగ్గర మారెమ్మ ఆగింది.

"వాళ్లు పంట కోసరం బడి ఆపినారంట. మనం బడి కోసరం పంట ఆపుదాం."

ఈ మాట విలువ తెలియాలంటే మా నేల సంగతి తెలియాలి. వేరుశనగ చెట్టు పీకాలంటే నేలలో పదును ఉండాలి, అంటే వాన తడి. మా ఎర్రనేలలో ఆ తడి నాలుగు రోజులు, మహా అయితే ఐదు. ఆ తర్వాత నేల బిగుసుకుపోతుంది, లాగితే చెట్టు తెగి చేతికి వస్తుంది, కాయలు లోపలే ఉండిపోతాయి. ఈశ్వరప్ప నలభై ఎకరాలు పీకుడుకు వచ్చి ఉంది. పీకే చేతులన్నీ మా కాలనీవే. ఇది కాలనీలో చంటిపిల్లకు కూడా తెలుసు. దేశదేశాల పుస్తకాలు చదివిన నాకే తట్టలేదు.

సాయంత్రం బడి ముందు అందరూ కూడారు. పుల్లన్న అడ్డం తిరిగాడు. ఆ నాలుగు దినాల కూలితోనే ఏడాదికి గింజలు కొనుక్కుంటాం, బడి కడుపు నింపుతుందా అన్నాడు. మగవాళ్లు చాలామంది ఆయన వైపే. ఆడవాళ్లు ఇటు. మాటా మాటా పెరిగింది, ఒకరినొకరు తిట్టుకున్నారు, ఇద్దరు లేచిపోయి మళ్లీ వచ్చారు. చివరికి మారెమ్మ, పిల్లోళ్లకు పరుగెత్తేది నేర్పింది ఎవరు పుల్లన్నా అని అడిగింది. పుల్లన్న తల దించుకునే చెప్పాడు.

"నేనే. ఆయప్ప చెప్పినాడు, నేను గడప గడపకూ చెప్పినా. బడి మూసింది జీపోళ్లు కాదు, నేను." తలెత్తి అందరినీ చూశాడు. "రేపు పొద్దన్నే కూలికని ఎవురింటికీ వచ్చి పిలవను. ఇంగ మీ ఇష్టం."

మొదటి రోజు చేను ఖాళీ. రెండో రోజు ఈశ్వరప్పే కాలనీకి వచ్చాడు. ముందు కూలి పెంచుతానన్నాడు. మా బడి మాకు తెప్పించు అన్నారు. దానికి నేనెవరిని, గవర్నమెంటు కదా అన్నాడు. గవర్నమెంటు నీ పక్క కుర్చీలో కూర్చోలేదా అంది తిప్పమ్మ. ఆయన ముఖం మారిపోయింది. తన గట్టు మీద కాలు పెడితే విరగ్గొడతానని చెప్పి పోయాడు. ఆ రోజు కాలనీలో సగం పొయ్యిలు వెలగలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పుల్లన్న తన ఇంట్లోని రాగులు తెచ్చి బడి ముందు పోశాడు.

మూడో రోజు కన్నడ సరిహద్దులోని మడకశిర వైపు నుంచి ట్రాక్టరు నిండా కూలీలను దింపబోయారు. వంక బాటకు అడ్డంగా నూరు మందిమి కూర్చున్నాం. ట్రాక్టర్లో అందరూ ఆడవాళ్లు, ఒళ్లో బిడ్డలు, పక్కన బడీడు పిల్లలు. తిప్పమ్మ పుట్టిల్లు అటువైపే. సగం కన్నడం, సగం తెలుగు కలిపి జరిగింది జరిగినట్టు చెప్పింది. మీ బడి ఎన్నో తరగతి దాకా అని ఒకామె అడిగింది. ఐదు అన్నాం. మా హట్టిలో, అంటే వాళ్ల పల్లెలో, అదీ లేదంటూ ఆమె దిగింది. ఆ వెనక ఒక్కొక్కరే దిగి మా పక్కన కూర్చున్నారు. డ్రైవరు ఖాళీ ట్రాక్టరు తిప్పుకుపోయాడు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. బాట అడ్డగించారని, కూలీలను బెదిరించారని మారెమ్మను, పుల్లన్నను, నన్ను వ్యానెక్కించి, కేసు రాయకుండానే స్టేషన్లో ఉంచుకున్నారు. నా ఉద్యోగం ఆ సాయంత్రమే ఊడింది. నిజం చెప్పాలంటే ప్రాణం తేలికపడింది.

నాలుగో రోజు పొద్దున గౌతమి గిన్నెలో సంగటి తీసుకుని స్టేషనుకు వచ్చింది. ఆ పిల్ల ఇంకా గడపలో ఉండగానే ఈశ్వరప్ప లోపలికి వచ్చాడు. ఎస్సై కుర్చీ వేశాడు. ఈశ్వరప్ప గొంతు తేనెలా ఉంది.

"మారీ, నీ బిడ్డకు మంచి చదువు వస్తాదంటనే. మా హర్ష చదివే కాన్వెంటులో నేనే చేర్పిస్తా. హాస్టలు, బట్టలు, పుస్తకాలు, పదో తరగతి దాకా అంతా నాదే భారం. ఇప్పుడే కాగితం రాసిస్తా. నువ్వు బయటికి పోయి ఒక్క మాట చెప్పు. ఈ పొద్దు చేన్లో దిగల్ల అందరూ."

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దాచను. ఒప్పుకో మారెమ్మా అని అరవాలనిపించింది నాకు. నలభై మూడు మందిలో ఒక్క పిల్లన్నా ఒడ్డున పడుతుంది కదా అనుకున్నాను. మారెమ్మ కూతుర్ని చూసింది. ఆ పిల్ల తల్లినే చూస్తోంది, కళ్లు ఆర్పకుండా.

"తక్కినోళ్ల బిడ్డలు ఏమైపోవల్ల అన్నా?" అంది మారెమ్మ.

"వాళ్లతో నీకేం పని?"

"రేపు నీకు కోపమొస్తే నా బిడ్డ చదువు ఆడికి సరి. నువ్వు పెట్టే బిచ్చం వద్దన్నా. మా బడి మాకు కావల్ల. దాంట్లో నా బిడ్డ అందరితో కూర్చుంటాది."

ఈశ్వరప్ప లేచి వెళ్లిపోయాడు. ఆయన అడుగుల చప్పుడు పోయేదాకా మారెమ్మ గట్టిగా నిలబడింది. తర్వాత గోడకు జారగిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. బిడ్డ గొంతు కోసినానా అయివారా అని నన్ను అడిగింది. గౌతమి వచ్చి పక్కన కూర్చుని గిన్నె మూత తీసింది. తినుమ్మా అంది. తల్లి తినలేదు, బిడ్డా లేవలేదు.

ఐదో రోజు ఎండ కాసింది. ఈశ్వరప్ప చేన్లో ఆయన ఇంటివాళ్లే దిగి లాగుతున్నారని, చెట్లు తెగి వస్తున్నాయని టీ తెచ్చిన కానిస్టేబులు చెప్పాడు. నాకు సంతోషం కలగలేదు. మా బడి తెరవలేదు, మాకు గింజలూ లేవు. పండిన పంట మట్టిలో పోతుంటే కూలివాడు చూడలేడు. పుల్లన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పదింటికి బయట అలికిడి అయింది. కిటికీ ఊచల దగ్గరికి ముఖాలు వచ్చాయి. మా కాలనీవాళ్లు కాదు. బడులు పోగొట్టుకున్న తక్కిన ఐదు కాలనీల మేస్త్రీలు, వాళ్ల వెనక ఆడవాళ్లు, పిల్లలు. తెల్లారకముందే బయల్దేరి నడిచి వచ్చారు. ముందున్న ముసలాయన మారెమ్మ ఎవరని అడిగి, ఆమెను చూసి మాట్లాడాడు.

"మా పక్క వాన రెండు దినాలు వెనకొచ్చింది తల్లీ. పదును ఇంగా ఉండాది. పొద్దన్నే వచ్చి పీకల్లని మా దొరలు కబురు పెట్టినారు. మేమేం చెయ్యల్ల?"

మారెమ్మ రాత్రంతా నిద్ర పోలేదు. కళ్లు వాచి ఉన్నాయి. లేచి ఊచల దగ్గరికి నడిచింది.

"పీకొద్దండి" అంది.