చప్టా కింద బంకమట్టి

చెప్పులు విప్పమన్నారు. అదీ మిట్టమధ్యాహ్నం, ఎండ నడినెత్తిన నిలబడ్డ వేళ, నల్లరాయి మీద. పెద్ద హోటల్లో కొత్తగా కట్టిన ఈతకొలను చుట్టూ పరుస్తున్న రాతిచప్టా అది. చెప్పులతో నడిస్తే రాయి మెరుగు గీసుకుపోతుందట. మనుషుల అరికాళ్లు కాలిపోతే మాత్రం ఎవరికి పట్టింది!

ఇసుక తట్ట ఎత్తుకొస్తున్న ఆడమనిషి అయిదారు రాళ్లు ఎలాగో దాటింది. ఆపైన అడుగు పడలేదు. "అమ్మో!" అంటూ తట్టతో సహా కూలబడింది. సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. వచ్చి ముందు వంగి రాయిని తడిమి చూశాడు, పెచ్చు లేచిందేమోనని.

"కళ్లు నెత్తికెక్కాయా? ఈ రాయి పగిలితే నీ అబ్బ తెస్తాడా?" అన్నాడు. ఆమె తన రెండు పాదాలూ చేత్తో పట్టుకుని ఏడుస్తోంది. అరికాళ్ల నిండా బొబ్బలు.

ఆ పడినామె మట్టం మేస్త్రీకి మరదలు, భార్యకు స్వయానా చెల్లెలు. అతనా పక్కనే పది అడుగుల దూరంలో తాపీ పట్టుకుని కూర్చున్నాడు. చూశాడు కూడా. కానీ లేవలేదు. అతని చూపు మరదలి మీద ఆగలేదు, సరాసరి ఆమె మొగుడి మీదికి పోయింది. ఆ మొగుడే ఈ పనికి హెడ్ మేస్త్రీ, అంటే మట్టం మేస్త్రీకి తోడల్లుడు. తెల్లటోపీ పెట్టుకుని, ప్లాను కాగితాలు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. 'ఇప్పుడేం చేస్తారో చూద్దాం, పెద్దమేస్త్రీగారు!' అనుకున్నాడు మట్టం మేస్త్రీ. పాపిష్టి బుద్ధి. దాచుకోవడం దేనికి, ఆ క్షణాన అతని కడుపు చల్లగానే ఉంది.

ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. తోడల్లుడు కాగితాలు కింద పారేసి పెళ్లాన్ని రెండు చేతులా ఎత్తుకుని నీడలో దించాడు. తిరిగొచ్చి సూపర్‌వైజర్ ముందే గొంతెత్తాడు.

"అందరూ చెప్పులేసుకోండి. వేసుకోనిస్తేనే పని. లేదంటే తట్టలు కింద పెట్టండి."

నలభై తట్టలు కింద పడ్డాయి. ఒక్క మాటకి! మట్టం మేస్త్రీ కడుపు మళ్లీ భగ్గుమంది.

ఆ మంట కథ చెప్పాలి మీకు. అతను ఇరవై రెండేళ్లుగా తాపీ పట్టిన మనిషి. అతను రాళ్లు పరిస్తే మట్టం వెంట్రుకవాసి తప్పదని పేరు, అందుకే ఆ పిలుపు. చిన్నల్లుడై ఇంటికొచ్చిన తోడల్లుడికి సిమెంటు పాలు కలపడం దగ్గర్నుంచి నేర్పింది తనే. అలాంటివాడికి నాలుగక్షరాలు వచ్చుననీ, ప్లాను చదవగలడనీ కాంట్రాక్టర్ తెల్లటోపీ పెట్టేశాడు. ఇంట్లో అత్తగారు ముందు వాడికే వడ్డిస్తుంది. పెళ్లాం సైతం "మా మరిదిని అడిగి చెప్తా" అంటుంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత ఆడవాళ్ల మీద కట్టారుగానీ, తోడల్లుళ్ల సంగతి కట్టినవాడికి తెలియదు.

ఇంతకీ ఆ నేల ఉత్త బంకమట్టి. వాన పడితే పొంగుతుంది, ఎండ కాస్తే చేయి దూరేంత బీటలు తీస్తుంది. దాని మీద చప్టా నిలవాలంటే రెండడుగుల లోతున ఆ మట్టిని ఎత్తిపోసి, కంకర పొరలు పొరలుగా నింపి, ఒక్కో పొరనీ దిమ్మిసతో కొట్టాలి. కొలను గోడకీ చప్టాకీ మధ్య సందు వదలాలి. నీళ్లు బయటికి పోయేలా వాలు పెట్టాలి. తోడల్లుడు ఇవన్నీ ప్లానులో చూసి పట్టుబట్టి చేయించాడు. తెల్లరాయి వేద్దాం, కాళ్లు కాలవని కూడా చెప్పి చూశాడు. నల్లరాయైతేనే ఫోటోల్లో నీళ్లు నీలంగా కనిపిస్తాయన్నాడు హోటల్ యజమాని.

మూడు వారాల కిందట తోడల్లుడు జ్వరంతో ఉన్న బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లి ఒక రోజంతా రాలేదు. ఆ రోజే తూర్పువైపు కంకర లారీలు ఆగిపోయాయి. కూలీలు షెడ్లకి పోయాక కాంట్రాక్టర్ వచ్చి, తవ్వి పోసిన బంకమట్టినే జేసీబీతో గోతిలోకి నెట్టించాడు. పైన జానెడు కంకర కప్పించి, "కానీయండి" అన్నాడు. తూర్పువైపు మేస్త్రీ మన మట్టం మేస్త్రీయే. అతనికి తెలియదా? తెలుసు. ఒక్క వానకి ఆ చప్టా లేచి కూర్చుంటుందని అతనికి తెలిసినంతగా కాంట్రాక్టర్ పెట్టుకున్న ఇంజనీరుకి కూడా తెలియదు.

నోరు మెదపలేదు. 'పేరు ఎవరిది? హెడ్ మేస్త్రీది. పోతే ఎవరి పరువు పోతుంది?' అనుకున్నాడు. బంకమట్టి మీద వెంట్రుకవాసి తేడా లేకుండా మట్టం పట్టి, రాళ్లు ముచ్చటగా పరిచాడు. చప్టా మొత్తంలో అంత అందమైన పని ఇంకోచోట లేదు.

చెప్పుల గొడవ జరిగిన సాయంత్రం రేకుల షెడ్ల ముందు అందరూ కూర్చున్నారు. తోడల్లుడు మాట్లాడాడు. చెప్పులతోనే పని, ఎండవేళ మూడు గంటలు విరామం, నీడకి పందిరి. ఈ మూడూ ఒప్పుకునేదాకా ఎవరూ గేటు దాటకూడదు.

"ఒప్పుకోకపోతే?" ఎవరో అడిగారు.

"ఒప్పుకోకపోతే వాళ్లే వచ్చి పరుచుకుంటారు, వట్టికాళ్లతో!" అంది తట్టల ముసలమ్మ. ఆమె నలభై ఏళ్లుగా తట్ట మోస్తోంది. అందరూ ఘొల్లున నవ్వారు. తోడల్లుడూ నవ్వాడు. వాడి చుట్టూ అంతమంది మూగి ఉంటే మట్టం మేస్త్రీ వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఈ మాటలన్నీ తనకూ వచ్చు. తననెవరూ అడగలేదు, అంతే.

మర్నాటి నుంచి పని ఆగింది. దాని వెంటే వాన పట్టుకుంది, మూడు రోజులు వదల్లేదు. నాలుగో నాటికి తూర్పువైపు చప్టా ఉబ్బి, రాళ్లు ఊడబోయే పళ్లలా పైకి లేచాయి. కొలను గోడ కూడా బీట వేసింది.

కాంట్రాక్టర్‌కి వెతకబోయిన తీగ కాలికి తగిలింది. మట్టం మేస్త్రీని ఆఫీసు గదికి పిలిపించాడు. గదిలో ఏసీ చలి. కుర్చీ చూపించాడు. ఇరవై రెండేళ్లలో అతనికి కుర్చీ చూపించడం అదే మొదలు.

"మేస్త్రీ, నీ పనితనం నాకు తెలుసు. నీ చెయ్యి వంక పోదు. ఇది నీ తోడల్లుడి నిర్వాకం. కంకర తగ్గించి మట్టి నింపించాడని ఈ కాగితం మీద సంతకం పెట్టు. వాడు జైలుకి పోతాడు. తక్కినవాళ్లు చచ్చినట్టు చెప్పులు విప్పి లోపలికొస్తారు. తెల్లటోపీ ఎవరికి రావాలో వాళ్లకి వస్తుంది."

పిట్టపోరు పిల్లి తీర్చడమంటే ఇదేనని మనకు తెలుస్తూనే ఉంది. అతనికీ తెలిసింది. తెలిసి కూడా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు గేటు దగ్గర, అందరి ముందూ పెడతా" అన్నాడు. అంత కుళ్లు ఉంది అతని లోపల. వాడు తలదించుకోవడం నలుగురూ చూడాలి.

షెడ్డుకి వచ్చేసరికి అతని భార్య చెల్లెలి పాదాలు ఒళ్లో పెట్టుకుని మందు రాస్తోంది. అతన్ని చూసి మరదలు లేవబోయింది.

"కూర్చోవే, లేవకు" అంది భార్య. "ఏమయ్యా, ఆఫీసుకి పిలిచారటగా? ఏమంటాడు?"

"ఏముంది, మామూలే."

"బావా," అంది మరదలు, "తూర్పువైపు నువ్వే పరిచావు కదా, అది ఎందుకు లేచిందో నువ్వు చెప్తే ఎవరైనా నమ్ముతారు. మా ఆయన రాత్రీ పగలూ ఒకటే కొట్టుకుంటున్నాడు, నేను ఎక్కడ తప్పు చేశానో అని. 'అన్న చేతి కింద తప్పు జరగదు, ప్లాను చదవడంలో నేనే పొరబడ్డాను' అంటాడు. నువ్వైనా చెప్పు బావా, నీ మాటైతే వింటాడు."

మట్టం మేస్త్రీ జేబులోని కాగితాన్ని చేత్తో అదిమిపెట్టాడు. వాడు తనని అనుమానించనైనా లేదు! కనీసం అనుమానించి ఉంటే తిట్టుకోవడానికి వీలుండేది. అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. చేయి కడుక్కుని లేచిపోయాడు.

తెల్లారి గేటు దగ్గర నలభై మందీ నిలబడ్డారు. లోపల కాంట్రాక్టర్, యజమాని, ఇంజనీరు. వాళ్ల వెనక పోలీసు వ్యాను.

"మీ నాయకుడి బండారం ఇవాళ బయటపడుతుంది!" అని సూపర్‌వైజర్ అరిచాడు. "సాక్షి మీలోనే ఉన్నాడు. రావయ్యా మేస్త్రీ, రా!"

గుంపు గుసగుసలాడింది. మట్టం మేస్త్రీ ముందుకొచ్చాడు. కాగితం తీశాడు. కాగితం నిలువునా చింపాడు.

"కంకర తగ్గించింది వీడు కాదు. కాంట్రాక్టర్. వీడు బిడ్డతో ఆసుపత్రిలో ఉన్న రోజు గోతిలోకి బంకమట్టి నెట్టించాడు. నేను చూశాను. ఆ మట్టి మీదే రాళ్లు పరిచాను. తెలిసే పరిచాను."

కంకర మోసే కూలీ ఒకడు దూసుకొచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు.

"తెలిసీ మూడు వారాలు నోరు మూసుకున్నావా? మా నలభై మంది కూటికి గండి కొట్టడానికా? నువ్వూ కూలోడివేనట్రా!"

"కొట్టు," అన్నాడు మట్టం మేస్త్రీ. "కొట్టాల్సిందే."

తోడల్లుడు ఆ చెయ్యి విడిపించాడు.

"నాకొక్క మాట చెప్పొచ్చుగా అన్నా. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఆపించేవాడివి. నీకు పేరొచ్చేది. అందుకని చెప్పలేదు." అతనికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. "నేను నేర్పిన పని నువ్వు నాకంటే పైన నిలబడి చేయిస్తుంటే చూడలేకపోయానురా. ఇప్పుడూ చూడలేను. కానీ నీ మీద ఈ సంతకం పెట్టలేను."

"అబద్ధం!" కాంట్రాక్టర్ అరిచాడు. "ఇద్దరూ తోడల్లుళ్లు, కూడబలుక్కున్నారు. రుజువేది?"

తట్టల ముసలమ్మ అందరినీ తోసుకుంటూ వచ్చింది.

"తిట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ సాయంత్రం ఉందిరా అబ్బాయిలూ! రుజువు అడుగుతున్నాడు పెద్దమనిషి. చప్టా కిందే ఉంది కదా, తవ్వి చూపిద్దాం. గుణపాలు తీయండి."

ఆ గేటు ఎలా తెరుచుకుందో ఎవరూ చెప్పలేరు. నలభై జతల చెప్పులు నల్లరాయి మీదికెక్కాయి. మరదలు కాళ్లకి గుడ్డలు చుట్టుకుని, అక్క భుజం పట్టుకుని కుంటుతూ వచ్చింది. మొదటి గుణపం వేసింది మట్టం మేస్త్రీ. తను పరిచిన రాయి ఎక్కడ లేస్తుందో అతనికే తెలుసు. రాయి లేచింది. జానెడు కంకర పోయింది. ఆ కింద నల్లగా, జిగటగా బంకమట్టి.

"తట్టలు!" అన్నాడు తోడల్లుడు.

వరుస కట్టారు. తట్ట చేతులు మారుతూ పోయి ఆఫీసు గుమ్మం ముందు కుప్ప పడింది. ఇంజనీరు వంగి పిడికెడు మట్టి తీసి నలిపాడు. తడి మట్టి అతని వేళ్లకి అంటుకుపోయింది. అతను కాంట్రాక్టర్ వైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. జీతం తినే నోరు మరి.

"ఆపండి!" ఇన్‌స్పెక్టర్ లాఠీ ఊపాడు. "ఎవడు మొదట పగలగొట్టింది?"

"నేనే. పరిచిందీ నేనే" అన్నాడు మట్టం మేస్త్రీ.

"కావాలనే నాసిగా పరిచానని ఒప్పుకున్నాడు సార్, అందరూ విన్నారు!" కాంట్రాక్టర్‌కి ప్రాణం లేచొచ్చింది. "వీణ్ణి తీసుకెళ్లండి!"

బేడీలు పడ్డాయి. వ్యాను చుట్టూ జనం మూగారు. ఇందాక చొక్కా పట్టుకున్న కూలీయే వ్యాను ముందు బైఠాయించాడు. "మా మేస్త్రీ తప్పు మేం తేల్చుకుంటాం, మీరెవరు?" అన్నాడు. లాఠీలు లేచాయి. అతన్ని ఈడ్చేశారు. వేరొకరు కూర్చున్నారు. వాళ్లనీ ఈడ్చేశారు.

"అన్నా!" తోడల్లుడు కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "నువ్వు వచ్చేదాకా ఈ ఊళ్లో ఏ మేస్త్రీ ఇక్కడ ఒక్క రాయి పరచడు. చెప్పుల్లేకుండా ఒక్క కాలు లోపల పడదు. నేను చూసుకుంటా."

"నువ్వే చూసుకుంటావు. తెలుసు" అన్నాడు మట్టం మేస్త్రీ. ఆ మాటలో ఇంకా కాస్త చేదు ఉంది. ఉండదా మరి, ఒక్క పూటలో పోయే జబ్బా అది! వ్యాను కదిలింది. అతను ఊచలకి మొహం ఆనించి గట్టిగా అరిచాడు.

"ఒరేయ్, మూల దగ్గర ఇంకా మూడు వరుసలున్నాయి! అక్కడే ఎక్కువ నెట్టించాడు. వదలకండి!"

గుణపాలు మళ్లీ లేచాయి. ముసలమ్మ తట్ట అందుకుంది, కుంటుతున్న మరదలు అందుకుంది, అతని పెళ్లాం అందుకుంది. యజమాని చేతులడ్డం పెట్టినా ఆగలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా అతను వాళ్లనే చూశాడు. కడుపులో మంట అలాగే ఉంది. ఈసారి మాత్రం తోడల్లుడొక్కడి మీద కాదు. తను లేకుండా ఆ మూడు వరుసలూ లేపబోతున్న నలభై మంది మీదా కుళ్లుకున్నాడు.