రేకుల లెక్క

పెడనలో కలంకారీ బట్టల మీద అద్దే చెక్క అచ్చులు చెక్కుతాడు ఆంజనేయులు. చదివింది ఐదో తరగతి. పువ్వు రేకులన్నీ ఒక్క కొలతకి రావాలన్నది అతని పట్టుదల. ఆరు రేకులైతే ఇబ్బంది లేదు. గుండ్రం గీసిన కంపాసును అలాగే చుట్టూ నడిపిస్తే ఆరు అంగల్లో మొదటి చోటుకి వచ్చేస్తుంది. మిగతా వాటితోనే తంటా. అందుకని పెళ్లికి ముందే మొదలుపెట్టి, గచ్చు మీద మేకూ తాడూ పెట్టి పెద్ద గుండ్రాలు గీశాడు. గీసి, చెరిపి, మళ్లీ గీసి, నడిమి నుంచి అంచుకి వంద ఉంటే ఒక్కో రేకు సగం వెడల్పు ఎంతో నోటుబుక్కులో రాసుకున్నాడు. అలా పదకొండేళ్లు పట్టింది. ఆ నోటుబుక్కు ఎవరికీ చూపించలేదు.

తొంభై ఎనిమిదిలో కూతురు తేజస్విని పదో తరగతి. పరీక్షలకి నెల ముందు ఒక పొద్దున అరుగు మీద కూర్చుని, లెక్కల పుస్తకం చివరి పట్టిక పైకి చదువుతోంది.

"సైన్ పదిహేను, పాయింట్ రెండు ఐదు ఎనిమిది ఎనిమిది. పద్ధెనిమిది, పాయింట్ మూడు సున్నా తొమ్మిది సున్నా. ఇరవై, పాయింట్ మూడు నాలుగు రెండు సున్నా."

ఆంజనేయులు చేతిలో ఉలి ఆగిపోయింది. వందకి లెక్కేస్తే, పన్నెండు రేకులకి ఇరవై ఐదు పాయింట్ తొమ్మిది. పదికి ముప్ఫై పాయింట్ తొమ్మిది. తొమ్మిదికి ముప్ఫై నాలుగు పాయింట్ రెండు. అవి తన అంకెలు.

"నీకెవరిచ్చారే అది?" అన్నాడు.

"పుస్తకంలో ఉంది నాన్నా. అందరికీ ఉంటుంది."

లోపలికెళ్లి నోటుబుక్కు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. తేజస్విని ఒక్కో వరసా పుస్తకంతో సరిచూసింది. సగంలో ఆగి తండ్రి వైపు చూసింది.

మర్నాడు తేజస్విని చెబితే బళ్లో లెక్కల మాస్టారు కోదండరామయ్య గారు ఇంటికొచ్చారు. చాలాసేపు నోటుబుక్కు కాగితాలు తిప్పారు.

"దీన్ని త్రికోణమితి అంటారండీ. వందల ఏళ్ల నాటిది. మీకెవరూ చెప్పలేదా?"

"లేదండీ." ఆంజనేయులు నోటుబుక్కు వైపు చూశాడు. "అయితే నా పదకొండేళ్లూ వృథాయేనాండీ?"

మాస్టారు నోటుబుక్కులో ఒక వరస చూపించారు. "ఏడు రేకులకి నలభై మూడు పాయింట్ రెండు రాశారు. పట్టిక ప్రకారం నలభై మూడు పాయింట్ నాలుగు రావాలి."

ఆంజనేయులు మెల్లగా కూర్చున్నాడు. ఏడు రేకుల పువ్వు ఎన్నిసార్లు గీసినా చివర రెండు మూడు మిల్లీమీటర్ల సందు మిగిలేది. చెక్క ఉబ్బిందనుకుని, ఆఖరి రేకుని లావు చేసి సర్దేవాడు. ఇన్నేళ్లూ టేకుని తిట్టాడు.

కంపాసు అందుకుని కొత్త కొలతతో గచ్చు మీదే గీశాడు. ఏడో రేకు మొదటిదాన్ని తాకి మూసుకుంది. తర్వాత తేజస్విని చేతిలోని పుస్తకం తన వైపు లాక్కుని, పక్క పట్టిక మీద వేలు పెట్టాడు.

"ఇదేంటమ్మా? దీంతో ఏం కొలుస్తారు?"